సొంత వాక్యం

రెడ్డెమ్మ నోటికి 'ఐ' రావడం లేదు. ఇంగ్లీషు నేర్పే ఇల్యాస్ బాధ అదే.

హంగ్రీ అంటే ఏమిటని అడిగితే చెబుతుంది. "ఆకలి సారూ." టైర్డ్? "అలుపు." పెయిన్? "నొప్పి." మాటలన్నీ వచ్చు. వాక్యంలో పెట్టమన్నప్పుడే తంటా.

"హంగ్రీ. సొంత వాక్యంలో ప్రయోగించు."

"మేడమ్ ఈజ్ హంగ్రీ."

"ఇంకొకటి."

"బేబీ ఈజ్ హంగ్రీ."

"నీ గురించి చెప్పమ్మా, నీ గురించి!"

రెడ్డెమ్మ కళ్ళు మూసుకుని బాగా ఆలోచించింది. "క్యాట్ ఈజ్ హంగ్రీ" అంది.

పక్కన కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇల్యాస్ చేతిలో సుద్దముక్క విరిగింది.

"పిల్లి ఆకలి కూడా తెలుసు నీకు. మరి నీ ఆకలి?"

"నాదేముంది సారూ" అంది రెడ్డెమ్మ.

అది రాయచోటి దారిలో ఒక బోడికొండ కింద ఉన్న చిన్న దర్గా. సమాధికి ఒక పక్క రేకుల వరండా. అక్కడే నల్లబల్ల, అక్కడే బడి. గురువారం మధ్యాహ్నం బడి అయ్యాక, అదే వరండాలో అందరికీ భోజనం పెడతారు. దర్గాను చూసుకునే కమాల్ షా బాబాకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. హిందువులు ఆయన్ను 'సామీ' అంటారు, ముస్లింలు 'బాబా' అంటారు. రెండింటికీ పలుకుతాడు.

ఇల్యాస్ ఆయన శిష్యుడు. కడపలో ఇంగ్లీషు ఎం.ఏ. చదివాడు. చదివిన ప్రతి పుస్తకమూ అతనికి కొత్త కోపం నేర్పింది. ఉద్యోగం బానిసత్వం అన్నాడు. పెళ్ళి బేరం అన్నాడు. నిజం కావాలని వెతుక్కుంటూ బాబా దగ్గరికి వచ్చాడు. బాబా నిజం గురించి ఏమీ చెప్పలేదు. "కువైట్ పోయే ఆడబిడ్డలు ఇంగ్లీషు కావాలంటాండారు నాయనా, నేర్పు" అన్నాడు.

ఆ చుట్టుపక్కల ఊళ్ళకు వాన సరిగా రాదు గానీ వీసాలు మాత్రం వస్తాయి. వీసా వచ్చిన తల్లి పసిబిడ్డను అత్త చేతుల్లో పెట్టి వెళ్ళిపోతుంది. అక్కడ ఇంకెవరి బిడ్డనో ఎత్తుకుంటుంది. ఒకే ఇంట్లో వంటమనిషి ఫిలిప్పీన్స్ ఆమె, డ్రైవరు శ్రీలంక ఆయన, ఊడ్చి తుడిచేది మన రెడ్డెమ్మ. యజమానురాలి భాష వీళ్ళకు రాదు, ఒకరి భాష ఒకరికి రాదు. అందరి మధ్యా నడిచేది నాలుగు ఇంగ్లీషు ముక్కలే.

ఆ నాలుగు ముక్కలతో ప్రపంచాన్ని మార్చవచ్చని ఇల్యాస్ నమ్మకం. అందుకే బోర్డు మీద అతను రాసే ఉదాహరణలు మామూలుగా ఉండేవి కావు.

హంగ్రీ అని రాసి, పక్కన 'ద పూర్ ఆర్ హంగ్రీ బికాజ్ ద రిచ్ ఆర్ నాట్' అని రాసేవాడు. టైర్డ్ అని రాసి, 'ద వర్కర్స్ ఆర్ టైర్డ్ ఆఫ్ దెయిర్ చెయిన్స్' అని రాసేవాడు. పెయిన్‌కు రాసిన వాక్యమంటే అతనికి చాలా ఇష్టం. 'హిస్టరీ ఈజ్ ఫుల్ ఆఫ్ పెయిన్.'

ఆడవాళ్ళు శ్రద్ధగా పుస్తకాల్లో ఎక్కించుకునేవాళ్ళు. ఒకరోజు గంగులమ్మ అనే పెద్దామె చెయ్యెత్తింది.

"సారూ, ఈ హిస్టరీ అనే ఆయమ్మకు యాడ నొప్పి?"

"హిస్టరీ మనిషి కాదమ్మా. చరిత్ర."

"మనిషి కాకపోతే మాత్రం, నొప్పి నొప్పే గదా సారూ, పాపం" అంది గంగులమ్మ.

ఇల్యాస్‌కు ఆ రోజు నవ్వు రాలేదు.

రెడ్డెమ్మకు ఇంకో చిక్కు కూడా ఉంది. దాన్ని ఆమె దాచుకోలేదు, నేరుగా అడిగింది.

"ఐ యామ్ టైలర్ అంటే నేను టైలర్ని. అంతే గదా సారూ?"

"అంతే."

"ఐ యామ్ హంగ్రీ అంటే నేను ఆకలినా? నేను ఆకలిని ఎట్లయితాను సారూ? ఆకలి మనకు అవుతాది గానీ మనం ఆకలి అవుతామా?"

ఇల్యాస్ సుద్దముక్క కింద పెట్టాడు. మంచి ప్రశ్న. ఎం.ఏ.లో అతన్ని ఎవరూ అడగని ప్రశ్న.

"తెలుగులో ఆకలి ముందు వస్తుందమ్మా, మనిషి వెనక నిలబడతాడు. 'ఆకలేస్తోంది' అంటే చాలు, ఎవరికో చెప్పకపోయినా నడుస్తుంది. ఇంగ్లీషులో అట్లా కుదరదు. మనిషి ముందు నిలబడాలి. 'ఐ' అన్నప్పుడు ఇట్లా గుండె మీద చెయ్యి పెట్టుకోండి. పెట్టుకుని చెప్పండి. ఐ... యామ్... హంగ్రీ."

అందరూ గుండెల మీద చేతులు పెట్టుకున్నారు. అందరూ చెప్పారు. రెడ్డెమ్మ చెయ్యి మాత్రం గుండె దాకా పోయి, అక్కడ జారిన కొంగు సర్దుకుని కిందికి వచ్చింది.

"పీపుల్ ఆర్ హంగ్రీ" అంది.

"అమ్మా, వచ్చే సోమవారం నీ విమానం! ఒక్క వాక్యం నీ గురించి చెప్పుకోలేవు. అక్కడ ఏం చేస్తావు?" అని ఇల్యాస్ అరిచాడు.

రెడ్డెమ్మ కోపగించుకోలేదు. "పోయిన తూరి కూడా ఇంతే సారూ" అంది.

పోయినసారి కువైట్‌లో ఉన్నప్పుడు ఆమెకు కడుపులో నొప్పి మొదలైంది. కుడిపక్క, కింద. ఓర్చుకుంది. ఇల్లు తుడిచింది, బట్టలు ఇస్త్రీ చేసింది, పాపను నిద్రపుచ్చింది. నడుము వంగిపోతుంటే వంటింటి ఫిలిప్పీన్స్ ఆమె చూసి, భుజాలు పట్టుకుని "టెల్, టెల్" అని కుదిపింది. రెడ్డెమ్మ నవ్వి ఊరుకుంది. చివరికి పొయ్యి ముందర పడిపోయింది. ఆస్పత్రిలో కడుపు కోసేసరికి లోపలంతా చీము. ఇంకొంచెం ఆలస్యమైతే ఇంటికి శవంపెట్టె వచ్చేదని డాక్టరు చెప్పాడట.

"ఆయమ్మ టెల్ టెల్ అంటాంటే ఏం టెల్లేది సారూ" అంది రెడ్డెమ్మ. "పెయిన్ అనే మాట నాకు తెలుసు. అప్పుడూ తెలుసు. మాట ఉండాది గానీ వాక్యం ల్యా."

ఆ రోజు బడి అక్కడితో ఆగింది.

ఇల్యాస్ విసవిసా బాబా దగ్గరికి వెళ్ళాడు. బాబా వంటశాల గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తున్నాడు. మరునాడు గురువారం. పప్పులో సొరకాయ ముక్కలు వేసి దాల్చా చేస్తారు.

"నేర్పడం నా వల్ల కాదు బాబా. ఆమె లోపల 'నేను' అనేదాన్నే చంపేశారు. తరతరాలుగా చంపేశారు. ఆమెకు కావాల్సింది వ్యాకరణం కాదు, చైతన్యం!"

"అవునా" అన్నాడు బాబా.

"ఎంత చెప్పినా ఊళ్ళో వాళ్ళందరి ఆకలీ చెబుతుంది. తనది చెప్పదు."

బాబా ఒక రెబ్బ గోటితో గిల్లి పొట్టు ఊదాడు. "ఆ మాట నాకూ నేర్పు నాయనా. ఏదో అంటివే, ఆకలికి?"

"హంగ్రీ."

"దానికి వాక్యం?"

ఇల్యాస్ నిటారుగా నిలబడ్డాడు. "ద పూర్ ఆర్ హంగ్రీ బికాజ్ ద రిచ్ ఆర్ నాట్. ఉన్నవాడికి ఆకలి లేదు కాబట్టే లేనివాడికి ఆకలి."

"బాగుండాది. ఎవరిది?"

"కడపలో ఒక సభలో విన్నాను."

"చిన్నప్పుడు మా అయ్యవారు సొంత వాక్యం, సొంత వాక్యం అని బెత్తం చూపించేవాడు. మీ ఇంగ్లీషులో అట్లా ల్యా?"

"ఉంది బాబా. మేమూ అదే అడుగుతాం."

"అయితే చెప్పు."

ఇల్యాస్ ఒక నిమిషం ఆలోచించాడు. "నో చైల్డ్ షుడ్ బి హంగ్రీ. ఏ బిడ్డా ఆకలితో ఉండకూడదు."

"ఎవరిది?"

"నాదే. ఇప్పుడే చేశాను."

"ఆకలి ఎవరిది అంటాండా."

"బిడ్డలది."

బాబా తల ఊపి ఇంకో రెబ్బ అందుకున్నాడు. ఇల్యాస్‌కు పౌరుషం వచ్చింది. పొద్దు వాలేదాకా సమాధి చుట్టూ తిరిగాడు. తిరిగి తిరిగి, ఈసారి తప్పు పట్టడానికి వీల్లేని వాక్యం పట్టుకొచ్చాడు.

"వి ఆర్ హంగ్రీ ఫర్ జస్టిస్. మేము న్యాయానికి ఆకలిగొన్నాం. ఇందులో నేనూ ఉన్నాను బాబా."

"మేము అంటే ఎంతమంది?"

"అందరం. ఈ దేశమంతా."

బాబా కళ్ళు చికిలించి, దూరాన తిరునాళ్ళలో మనిషిని వెతుకుతున్నట్టు చూశాడు. "అంత జనంలో నువ్వు యాడుండావో కనపడ్డం ల్యా నాయనా" అన్నాడు.

ఇక్కడ ఇల్యాస్ గురించి ఒక సంగతి చెప్పాలి. అతను దర్గా అన్నం తినడు. వచ్చిన మొదటి గురువారమే చెప్పేశాడు. "తిండి దానంగా రాకూడదు, హక్కుగా రావాలి. వచ్చేదాకా నేను ఈ పంక్తిలో కూర్చోను." అందరికీ నీళ్ళు పోస్తాడు, విస్తళ్ళు వేస్తాడు, ఎత్తేస్తాడు. కూర్చోడు. గదిలో ఏదో ఉడకేసుకుంటానంటాడు గానీ ఆ గదిలోంచి పొగ లేవడం ఎవరూ చూడలేదు. రోడ్డు మీది హోటల్లో టీ, బన్ను. కొన్ని రోజులు టీ ఒక్కటే.

"ఆ హక్కేదో ఎప్పుడొస్తాదో ఏమో" అనేది గంగులమ్మ. "వచ్చేలోపల ఈ అబ్బయ్య ఎముకలు తేలిపోతాడు."

గురువారం గురువారం అన్నం వడ్డించేది రెడ్డెమ్మే. అందరికీ పెట్టి, అడుగున మాడింది గీక్కుని, ఎవరూ చూడనప్పుడు తినేది. పంక్తిలో కూర్చోమంటే "తర్వాత తింటాలే" అనేది.

గురువారం వచ్చింది. రెడ్డెమ్మకు అదే చివరి బడి.

వరండాలో విస్తళ్ళు పరిచారు. కొండ మీది నుంచి వచ్చే గాలికి అవి లేచిపోకుండా ఒక్కొక్కరూ ఒక చెయ్యి ఆనించుకుని కూర్చున్నారు. పెద్ద డేగిసాలోంచి ఆవిరి లేస్తోంది. రెడ్డెమ్మ గరిటె పట్టుకుంది. ఇల్యాస్ నీళ్ళ కూజా పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

ఎప్పుడూ చివర తినే బాబా వచ్చి పంక్తిలో మొదట కూర్చున్నాడు.

"ఈ పొద్దు ఎవరి కూడు వాళ్ళే అడుక్కోవాల. ఇంగ్లీషులో" అన్నాడు.

"నువ్వు కూడానా సామీ?" అంది గంగులమ్మ.

"నాకేమన్నా కొమ్ములుండాయా?" బాబా విస్తరి సర్దుకుని, రెడ్డెమ్మ వైపు తలెత్తి, గొంతు సవరించుకున్నాడు.

"ఐ హంగ్రీ."

రెడ్డెమ్మ గరిటె ముంచబోయింది. ఇల్యాస్ ఊరుకోలేకపోయాడు. గురువైతే మాత్రం, వ్యాకరణం వ్యాకరణమే.

"అట్లా కాదు బాబా. ఐ యామ్ హంగ్రీ."

"ఐ హంగ్రీ" అన్నాడు బాబా మళ్ళీ.

"యామ్, బాబా, యామ్! అది లేకపోతే మనిషికీ ఆకలికీ సంబంధం లేదు."

"ఏమోలే నాయనా, నాకు సగ్గా వినపడ్డం ల్యా. గట్టిగా చెప్పు."

ఇల్యాస్ కూజా కింద పెట్టాడు. అలవాటు చొప్పున కుడి చెయ్యి గుండె మీద వేసుకున్నాడు. కొండకు తగిలి తిరిగి వచ్చేంత గట్టిగా అరిచాడు.

"ఐ యామ్ హంగ్రీ!"

పంక్తిలో తలలన్నీ అతని వైపు తిరిగాయి.

రెడ్డెమ్మ అతన్ని చూసింది. గుండె మీద ఆ చెయ్యి. చొక్కా కింద ముందుకు పొడుచుకొచ్చిన ఎముక. పొద్దుటి నుంచీ కడుపులో టీ తప్ప ఏమీ పడనట్టున్న ఆ ముఖం.

"అయ్యో సారూ" అంది.

బాబా పక్కన ఒక విస్తరి వేసింది. గరిటె నిండా అన్నం పెట్టింది. ఇంకో గరిటె పెట్టింది. మధ్యలో గుంట చేసి దాల్చా పోసింది.

"కూచో సారూ. కడుపులో ఇంత ఆకలి పెట్టుకుని యెన్నాళ్ళు అరుస్తావు?"

"కాదమ్మా, అది... అది వాక్యం. బాబాకు ఉదాహరణ చెబుతున్నా."

"వాక్యమేలే సారూ. కూచో."

ఇల్యాస్ చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వడం లేదు. గంగులమ్మ కొంచెం జరిగి చోటిచ్చింది. దానం, హక్కు, పంక్తి, అన్నిటి గురించీ చెప్పడానికి అతని దగ్గర చాలా మంచి వాక్యాలు ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. వేడి అన్నం వాసన వచ్చింది. కడుపు పక్కవాళ్ళకు వినపడేంతగా అరిచింది.

అతను కూర్చున్నాడు. తల వంచుకునే తిన్నాడు. దాల్చా కారంగా ఉందని అనుకున్నారో ఏమో, అతని కళ్ళ గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

"ఏమమ్మా, ముందు అడిగింది నేను" అన్నాడు బాబా ఖాళీ విస్తరి చూపించి.

"నీది తప్పంట గదా సామీ. సారు చెప్పె."

ఇప్పుడు నవ్వారు అందరూ. బాబా గుండె మీద చెయ్యి పెట్టుకుని, యామ్ దగ్గర కొంచెం ఆగి, సరిగ్గానే చెప్పాడు. అన్నం వచ్చింది. తరువాత గంగులమ్మ చెప్పింది. ఆ తరువాత పంక్తి చివరిదాకా ఒక్కొక్కరూ. కొందరు సిగ్గుపడి చెప్పారు, కొందరు ఎక్కువ వడ్డించమని కళ్ళెగరేసి చెప్పారు. అన్నం తరుగుతూ వచ్చింది.

రెడ్డెమ్మ డేగిసా వంచి అడుగు చూసుకుంది. ఎప్పటిలాగే మూలకు జరగబోయింది.

ఇల్యాస్ లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, ఆమె చేతిలోని గరిటె తీసుకున్నాడు. తను లేచిన చోటే కొత్త విస్తరి వేశాడు. పక్కన నిలబడ్డాడు.

"నేను తర్వాత తింటాలే సారూ."

అతను కదలలేదు. చైతన్యం గురించి మాట్లాడలేదు. నువ్వు చెప్పు అని కూడా అనలేదు. తను ఇప్పుడే తిన్న ఆ చోటు వైపు చూశాడు, అంతే.

రెడ్డెమ్మ అటూ ఇటూ చూసింది. ఇంకెవరూ ఆకలితో లేరు. చెప్పడానికి మేడమ్ లేదు, బేబీ లేదు. దర్గా పిల్లి కూడా బాబా విస్తరి పక్కన మూతి నాక్కుంటోంది.

ఆమె నిదానంగా కూర్చుంది. చెయ్యి గుండె దాకా వచ్చింది. కొంగు సర్దలేదు.

"ఐ" అంది.

చాలాసేపు అక్కడే ఉండిపోయింది. ఇల్యాస్ పెదవుల మీదికి ఆ తరువాతి మాట వచ్చేసింది. పళ్ళు బిగించి ఆపుకున్నాడు.

"ఐ... యామ్... హంగ్రీ."

అతను అన్నం పెట్టాడు. ఆమె నాలుగు ముద్దలు తింది. ఐదో ముద్ద చేతిలోనే ఉండగా, ఎవరికీ చెప్పనట్టు, కొత్త గాజులు చేతికి ఎక్కించుకుని సరిపోయాయో లేదో చూసుకుంటున్నట్టు, చిన్నగా అనుకోవడం మొదలుపెట్టింది.

"ఐ యామ్ టైర్డ్."

కొంచెం ఆగింది. ఎడమ చెయ్యి మెల్లగా కుడిపక్కకు, కిందికి, పాత కోత ఉన్న చోటికి వెళ్ళింది.

"ఐ హావ్ పెయిన్. హియర్."

బాబా తింటున్నవాడు ఆగి తలెత్తాడు.

"ఎవరిదమ్మా?" అని అడిగాడు.

రెడ్డెమ్మ ఆ ముద్ద నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలి మింగింది.

"నాదే సామీ" అంది.